పెద్దముక్కు గొంతు

ఫిబ్రవరి 4

ఒరేయ్ తమ్ముడూ,

ఎన్నిసార్లు ఫోన్ చేసినా నువ్వు ఎత్తవు. మరదలు ఎత్తుతుంది. ఓసారి స్నానం చేస్తున్నావంటుంది, ఓసారి పడుకున్నావంటుంది, ఓసారి బజారుకెళ్ళావంటుంది. చిన్నప్పుడు కాళ్ళు కడుక్కోమంటే ఇల్లంతా పరుగెత్తించినవాడివి, ఇప్పుడు ఇన్ని స్నానాలేమిట్రా? సరే, ఫోన్‌కి అందనివాడు ఉత్తరానికైనా అందుతాడేమోనని కాగితం తీశాను. నా రాత చూసి నవ్వకు. ఏళ్ళ తరబడి టార్పాలిన్లు కుట్టి వేళ్ళు వంకర్లు పోయాయి, అక్షరాలు కూడా వాటితోపాటే పోయాయి.

అసలు సంగతి చెప్తాను, కూర్చుని చదువు. పెద్దముక్కు దొరికింది.

నిజంరా. మనిద్దరం పనిచేసిన లారీ యార్డులో ఉండేదే, ఆ ముక్కు లారీ. నువ్వు మొట్టమొదట ఇంజను విప్పి, మళ్ళీ బిగించడం రాక ఏడిస్తే పెద్దమేస్త్రి నెత్తిన మొట్టికాయ వేశాడే, అదే. యార్డు మూతపడ్డాక చేతులు మారి మారి, ఊరి బయట ఇటుకల బట్టీలో రేకుల షెడ్డు కింద తేలింది. టైర్లు మట్టిలో దిగిపోయాయి. చెక్క క్యాబిన్‌లో కోళ్ళు కాపురం పెట్టాయి. ఆ పొడుగాటి బానెట్టు మాత్రం ఎవరినీ లెక్కచెయ్యనట్టు అలాగే ముందుకు చాచుకుని ఉంది. దాన్ని చూడగానే నాకు ఏడుపొచ్చింది. మీ బావ పక్కనే నిలబడి, తుక్కు చూసి ఏడ్చే మనిషిని నిన్నే చూశానన్నారు.

ఇక్కడ పాత బళ్ళ సంఘం అని ఒకటుంది. ఈమధ్యే అందులో చేరాను. అధ్యక్షులు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఆయనకి పాత ఫైరింజను ఉంది. పళ్ళ డాక్టరుగారికి పాల వ్యాను ఉంది. ఆదివారాలు అందరూ చేరి, ఒకరి బండి ఒకరు చూసుకుని మురిసిపోతుంటారు. ఏప్రిల్‌లో మైదానంలో బళ్ళన్నీ వరసగా పెట్టి జనానికి చూపిస్తారు.

ఇబ్బంది ఏమిటంటే, బట్టీ స్థలం అమ్ముడైపోయింది. ఏప్రిల్ మొదట్లో షెడ్డు ఖాళీ చెయ్యాలి. లారీని ఊరికే తీసుకుపొమ్మన్నాడు యజమాని. తీసుకెళ్ళి ఎక్కడ పెట్టను? నడిచే బండికే సంఘం షెడ్డులో చోటు. నడవకపోతే గ్యాసు కటింగువాడు వచ్చి ముక్కలు చేసుకుపోతాడు. నీ చెయ్యి పడితే తప్ప అది నడవదు. వచ్చెయ్.

అక్క

ఫిబ్రవరి 11

అక్కా,

ఉత్తరం అందింది. నీ రాత బాగానే ఉంది, రెండుమూడు చోట్ల మాత్రమే మీ మరదలి సాయం కావాల్సొచ్చింది.

పెద్దముక్కు సంగతి చదివి భోజనం మధ్యలో లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. అది ఇంకా ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. క్యాబిన్ చెక్కకి చెద పట్టిందా చూడు. పట్టకపోతే కోళ్ళని దండం పెట్టి సాగనంపు, పురుగు రాకుండా కాపాడింది అవే.

నేను రావడం మాత్రం కుదరదు. మోకాళ్ళు బాగాలేవు. బస్సు పడదు. రాసి పంపుతాను, మీ సంఘంవాళ్ళ చేత చేయించు.

ముందుగా ఎవరినీ బ్యాటరీ పెట్టి స్టార్ట్ చెయ్యనివ్వకు. అలాంటి ఆత్రగాడు ప్రతి సంఘంలో ఒకడుంటాడు, వాడి చెయ్యి పట్టుకుని ఆపు. ప్లగ్గులన్నీ తీసి, ఆ బొక్కల్లోంచి కొంచెం కొంచెం ఆయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్యండి. తర్వాత ముందునించి హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లిగా తిప్పండి. మొండికేస్తే బలం చెయ్యొద్దు, మళ్ళీ ఆయిల్ పోసి బతిమాలండి. ఇంజను ఫ్రీగా తిరిగాకే పాత ఆయిల్ దింపడం, పెట్రోలు ట్యాంకు కడగడం, కార్బొరేటరు విప్పడం.

ఇంకో మాట. మీ సంఘంలో రంగుల పిచ్చివాళ్ళు ఉండే ఉంటారు. ఆ లారీకి రంగు వెయ్యనివ్వకు. ఎడమ మడ్‌గార్డు మీద సొట్ట ఉంటుంది, దాన్ని సాపు చెయ్యనివ్వకు. అది లోడెత్తిన లారీ, పెళ్ళికూతురు కాదు. పనిచేసినట్టే కనపడాలి.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు

ఫిబ్రవరి 20

తమ్ముడూ,

స్టార్టయిందిరా!

నీ ఉత్తరం నేను పైకి చదువుతుంటే, అధ్యక్షులు తెల్లచొక్కా మడిచి ఇంజనులో చేతులు పెట్టారు. ఆత్రగాడు పళ్ళ డాక్టరే. బ్యాటరీ చంకలో పెట్టుకుని వచ్చాడు, నువ్వు చెప్పినట్టే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయిల్ పోసి, బతిమాలి, తిట్టి, మళ్ళీ బతిమాలి, తలప్రాణం తోకకొచ్చాక నిన్న సాయంత్రం హ్యాండిల్ కొడితే ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. బట్టీవాళ్ళంతా పని వదిలేసి వచ్చారు. మీ బావ కూడా వచ్చారు. తుక్కు పలుకుతోందే అన్నారు.

కాకపోతే వేడెక్కాక లోపల ఏదో కొట్టుకుంటోంది. పాత కుట్టుమిషన్‌కి బెల్టు వదులైతే వస్తుందే, ఆ తీరు దెబ్బ. నీకు వినిపిద్దామని ఫోన్ చేసి ఇంజను పక్కన పట్టుకుని నిలబడ్డాను. ఎన్నిసార్లు వినలేదు నువ్వు అలా? ఎక్కడో ఉన్న బండి రోగం ఫోన్‌లో విని చెప్పేవాడివి. నిన్నేమో మరదలు ఎత్తి, ఆయన స్నానం చేస్తున్నారు వదినా అంది. సాయంత్రం వేళ.

నాకు అర్థం కాక అడుగుతున్నాను. పోయినసారి మీ ఇంటికి వచ్చినప్పుడు, నేను మెట్ల మీద నిలబడి నీ రిపేరు షెడ్డు మూసేసి హాయిగా కూర్చోరా, వయసైపోయింది నీకు అన్నాను. నువ్వు ఉలుకూ పలుకూ లేకుండా లోపలికి వెళ్ళిపోయావు. అప్పటినించీ ఫోన్ లేదు. అదేనా నీ కోపం? అక్కని కాకపోతే ఎవరంటారురా ఆ మాట?

ఇక్కడ అధ్యక్షులు ఒక సలహా చెప్తున్నారు. ఈ ఇంజను తీసి పక్కన పెట్టి, డీజిలుది కొత్త ఇంజను వేసేస్తే పీడా పోతుందట. నేను ఔననలేదు, కాదనలేదు. నువ్వేమంటావు?

అక్క

ఫిబ్రవరి 27

అక్కా,

అధ్యక్షులవారికి నా నమస్కారాలు చెప్పి, ఆయన ఫైరింజనుకి గంట తీసేసి సైకిల్ బెల్లు పెట్టుకోమను. ఇంజను మార్చాక ఇంకేం మిగిలింది పెద్దముక్కుకి? ముక్కేగా.

ఆ బళ్ళని జనం ఊరికే చూడరు అక్కా. అలాంటివి తయారుచేసినవాళ్ళు పోయారు, నడిపినవాళ్ళు పోయారు. వాళ్ళు చేసిన పని ఇంకా తిరుగుతోంది చూడు, దానికోసం చూస్తారు. దాన్ని ఆపేసి పైన రేకు మాత్రం ఉంచితే అది బొమ్మ.

శబ్దం సంగతి. చెవిని నమ్మొద్దు. రేకుల షెడ్డు కింద శబ్దం పైకి కొట్టి కిందకి కొట్టి అన్నీ ఒకటిగా వినపడతాయి. నేను చెప్పినట్టు చెయ్యి. గట్టి కర్ర ఒకటి, మూరెడు పొడుగుది తీసుకో. ఇంజను నడుస్తుండగా ఒక కొస ఇంజను పక్కన ఆనించి, రెండో కొస పళ్ళ మధ్య గట్టిగా కరిచిపట్టుకో. లోపల ఎక్కడ ఏం జరుగుతోందో పళ్ళనించి తలకాయలోకి వచ్చేస్తుంది. అలా కరిచిపట్టి ఉండగా, ఒక్కొక్క ప్లగ్గు వైరు తీయించి మళ్ళీ పెట్టించు. ఏ వైరు తీస్తే దెబ్బ తగ్గుతుందో అక్కడ బేరింగు అరిగినట్టు. ఒక్క బేరింగే అయితే కంగారు లేదు. నువ్వే చెయ్యి, ఇంకెవరికీ ఇవ్వకు. నీ పళ్ళ సంగతి నాకు తెలుసు.

నువ్వు మెట్ల మీద ఏమన్నావో నాకు తెలియదు. నా మనసులో ఏమీ లేదు.

తమ్ముడు

మార్చి 7

తమ్ముడుగారికి,

నేనేమన్నానో మీకు తెలియదన్నమాట. మెట్ల మీద నిలబడి అన్నదాన్ని నేను, తెలియనిది మీకు. కోపమొస్తే వచ్చిందని చెప్పొచ్చు. చెప్పకుండా మర్యాదగా తలుపు మూస్తే ఒళ్ళు మండుతుంది.

అయినా కర్ర కరిచాను. సంఘమంతా చుట్టూ చేరి చూస్తుండగా, ఇంత వయసు ఆడదాన్ని, కుక్క బొమిక పట్టుకున్నట్టు కర్ర నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. మీ బావ సిగ్గుపడి బట్టీ అవతలికి వెళ్ళిపోయారు. పళ్ళ డాక్టరు నవ్వలేదు, ఎందుకో మొహం అదోలా పెట్టి చూశాడు.

నువ్వు చెవిని నమ్మొద్దన్నావు కాబట్టి పళ్ళకి తెలిసిందే రాస్తున్నాను. కర్ర ఎక్కడ పెట్టినా దెబ్బ ఒకటే. ముందు పెట్టినా, వెనక పెట్టినా, మధ్యలో పెట్టినా టకటకటక. ఏ ప్లగ్గు వైరు తీసినా తేడా లేదు. తల దిమ్మెక్కిపోయింది. ఇంటికొచ్చి పడుకుంటే దిండు కూడా కొట్టుకుంటున్నట్టే అనిపించింది.

ఈలోగా క్యాబిన్ సీటు నేనే కుట్టాను. ముతక గుడ్డ, పాతకాలపు మోటు కుట్టు. వెనక బాడీకి టార్పాలిన్ కూడా మైనం పట్టించిన దారంతో చేత్తో కుడుతున్నాను. అది నడుస్తుందనే నమ్మకంతో. ఏం చెయ్యాలో త్వరగా రాయి. బట్టీవాడు రోజూ తేదీ గుర్తు చేస్తున్నాడు.

నువ్వు పలకరించని అక్క

మార్చి 13

అక్కా,

ఈ ఉత్తరం రెండు రోజులనించి రాస్తున్నాను.

అన్నిచోట్లా ఒకే దెబ్బ, ఏ వైరు తీసినా తగ్గదంటే ఒక్క బేరింగు కాదు. అన్నీ పోయాయి. బేరింగులు తిరిగే ఇరుసు కూడా చెక్కుకుపోయి ఉంటుంది. ఆ ఇరుసు ఇప్పుడు ఎక్కడా దొరకదు. చేయించాలన్నా చేసేవాళ్ళు లేరు. ఇంకా నడిపితే ఏదో ఒకరోజు ఇంజను పక్కన బొక్క పెట్టుకుని బయటికొస్తుంది, పక్కన నిలబడ్డవాళ్ళకి దెబ్బలు తగుల్తాయి. ఇక హ్యాండిల్ ముట్టుకోనివ్వకు.

ఆ ఇంజను అయిపోయింది అక్కా. బాగా బతికింది. కొండ మీదికి లోడుతో రెండో గేరులో వెళ్ళేటప్పుడు దాని గొంతు ఎలా ఉండేదో నాకు తెలుసు. ఎక్కడా తడబడేది కాదు. పెద్దమేస్త్రి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, విను, విను అనేవాడు. నాకు పని నేర్పింది ఆయన కాదు, అదే.

కావాలంటే అధ్యక్షులు చెప్పినట్టు డీజిలు ఇంజను వేయించుకో. నేను ముందు అన్నది మర్చిపో. లేదంటే పోనీ.

తమ్ముడు

మార్చి 18

తమ్ముడూ,

"పోనీ" అని రాశావు. ఆ మాట మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నీ జన్మలో ఏ ఇంజనునీ చేత్తో ముట్టుకోకుండా పోయిందన్నవాడివి కాదు. నదిలో పడి తేలిన లారీని కూడా విప్పి చూసి, ఎండబెట్టి, నడిపించి పంపావు. అలాంటివాడివి పెద్దముక్కుని ఉత్తరంలో చంపేశావు. కర్ర కరిచి ఒక ముసలిది ఏదో రాస్తే అది చదివి తీర్పు చెప్పేశావు. ఎందుకో నాకు తెలియదనుకున్నావా? ఇక్కడికి రావాలి కాబట్టి. వస్తే నా మొహం చూడాలి కాబట్టి.

మోకాళ్ళట. మరదలిని అడిగాను. రోజూ పొద్దున చెరువు దాకా నడిచి వస్తావంది. పాపం, దానికి అబద్ధాలు ఎక్కువ రావు, ఒక్కటి అడిగితే ఇంకోటి చెప్పేస్తుంది.

నిన్ను చంకనెత్తుకుని తిరిగినదాన్ని. యార్డులో నీకు పని ఇప్పించింది నేను. టార్పాలిన్ల గదిలో కూర్చుని, నువ్వు తిన్నావో లేదో కిటికీలోంచి చూసుకునేదాన్ని. నన్ను వద్దనుకుంటే అనుకో. నీకూ పిల్లలున్నారు, నీ ఇష్టం. ఆ లారీ ఏం చేసిందిరా నీకు?

అధ్యక్షులకి సరేనన్నాను. వచ్చేవారం ఇంజను దింపేస్తారు. పాతది తుక్కుకింద పోతుంది. ఇక రాయకు, నేను కూడా రాయను.

మార్చి 22

అక్కా,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి చదివి చింపెయ్.

నాకు చెవులు పోయాయి.

ఒక్కసారిగా పోలేదు. ముందు కిందపడ్డ పానా శబ్దం పోయింది. చేతిలోంచి జారితే ఎక్కడ పడిందో వెతుక్కునేవాడిని. తర్వాత వెనకనించి పిలిచేవాళ్ళు పోయారు. ఆ తర్వాత ఫోన్. డాక్టరు చెవిలో పెట్టుకునే మిషన్ ఇచ్చాడు. అది పెట్టుకుంటే మీ మరదలి మాటా, గ్రైండరూ, వీధిలో హారనూ అన్నీ ఒకే గోలగా వచ్చి తలలో పడతాయి. తీసి సొరుగులో పెట్టేశాను.

షెడ్డులో కొన్నాళ్ళు ఎవరికీ తెలియనివ్వలేదు. కర్ర పళ్ళతో కరిచి, అరచెయ్యి ఇంజను మీద పెట్టి, అలా చూసి పనిచేశాను. నీకు చెప్పింది అదే పద్ధతి. ఎగతాళికి చెప్పలేదు, నాకు మిగిలింది అదొక్కటే. ఒకరోజు ఒకాయన బండి స్టార్ట్ చేసి, ఎలా ఉందో చెప్పమని నా మొహం చూశాడు. నేను తల వంచి శ్రద్ధగా వింటున్నట్టు నిలబడ్డాను. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆఖరికి మెల్లిగా భుజం మీద చెయ్యి వేశాడు. ఇంజను ఎప్పుడో ఆగిపోయిందట అక్కా. ఆగిపోయిన ఇంజనుని నిలబడి వింటున్నాను. ఆ రోజే షెడ్డు మూసేశాను.

నువ్వు మెట్ల మీద అన్నది నాకు నిజంగా తెలియదు. నా వెనక నిలబడి అని ఉంటావు. నా వెనక ఏం జరిగినా నాకు జరగనట్టే ఇప్పుడు.

నీ మొహం చూడటం ఇష్టం లేక కాదు. మైదానంలో ఆ బళ్ళ చుట్టూ అందరూ చేరి, దాని గొంతు వినండి, దీని గొంతు వినండి అంటుంటే, అక్కడ నేనెందుకు? పెద్దముక్కు పక్కన నిలబడి నేను మొహాలు చూసుకుంటూ ఉండాలా? చెవి లేని ఇంజనుమేస్త్రిని ఏం చేసుకుంటారు ఎవరైనా?

కొత్త ఇంజను బాగా నడవాలి.

తమ్ముడు

మార్చి 25

ఒరేయ్ వెధవా,

ఇంజను దింపడం ఆపించాను. ఉత్తరం చేతిలో పట్టుకుని బట్టీ దాకా ఆటోలో వెళ్ళాను. అప్పటికే నట్లు వదులు చేస్తున్నారు, ఆపండి అని కేకేస్తే అధ్యక్షులు నిచ్చెన మీంచి పడబోయారు.

ముందు తిట్టనీ. చెవులు పోతే అక్కకి చెప్పడానికేమిట్రా? నువ్వు నన్ను తప్పించుకుంటున్నావని రోజూ రాత్రి మీ బావ బుర్ర తిన్నాను. ఆయన పాపం అవతలివైపు తిరిగి పడుకునేవారు. మరదలి మీద అరిచాను. అది నీకోసం స్నానాలు కనిపెట్టలేక ఎంత అవస్థ పడిందో.

ఇప్పుడు నా సంగతి విను. నవ్వావంటే చూడు. నా పళ్ళు నావి కావు.

ఏళ్ళ తరబడి ఆ లావుపాటి దారం పళ్ళతో తెంపి తెంపి అన్నీ కదిలిపోయాయి. పోయిన ఏడాది పళ్ళ డాక్టరు మొత్తం తీసేసి కట్టుడు పళ్ళు పెట్టాడు. ఆయన దగ్గరికి తిరిగి తిరిగే ఈ సంఘంలో చేరాను. నీకు చెప్పలేదు. చిన్నప్పటినించీ నా పళ్ళ గురించి గొప్పలు చెప్పేవాడివి నువ్వే కదా, చెప్పబుద్ధి కాలేదు. కర్ర కరిస్తే నాకు అన్నిచోట్లా తెలిసిన ఆ టకటక ఇంజనుది కాదురా. కింది పళ్ళు వదులు. పెద్దముక్కు కాదు, నా నోరు కొట్టుకుంది. ఆ డాక్టరు మొహం అదోలా పెట్టింది అందుకే. మర్యాదకి నలుగురిలో చెప్పలేకపోయాడట.

నీ ఉత్తరం చదివాక ఆయన చేతనే కర్ర కరిపించాను. ఆయన పళ్ళు సొంతవే. మూడో ప్లగ్గు వైరు తీయగానే కర్ర నోట్లో ఉండగానే చెయ్యెత్తి ఊపాడు. దెబ్బ తగ్గింది. మిగతావి తీస్తే తగ్గలేదు. ఇంకో సంగతి కూడా విని నన్ను చంపెయ్. ఆ రోజు నాకు కూడా మూడోదాని దగ్గర చెవికి తగ్గినట్టే వినపడింది. నువ్వు చెవిని నమ్మొద్దన్నావని రాయలేదు. చెవిటివాడి మాట విని చెవులున్నది ఊరుకుంది, పళ్ళు లేనిదాని మాట విని పళ్ళున్నవాడు తీర్పు చెప్పాడు. మీ బావకి చెప్తే, ఆయన నవ్వి నవ్వి కుర్చీలోంచి లేవలేకపోయారు.

ఒక్క బేరింగు. కంగారు లేదన్నావు నువ్వే. ఇక నువ్వు రాకపోతే నేనే వచ్చి మెడ పట్టుకుని తీసుకొస్తాను. మైదానంలో ఎవరేమనుకుంటారని ఆలోచించకు. చెవి లేని మేస్త్రిని ఏం చేసుకుంటారన్నావు. ఏం చేసుకుంటారో వచ్చి చూడు. నాకు నువ్వు కావాలి.

అక్క

ఏప్రిల్ 20

తమ్ముడూ,

క్షేమంగా చేరావని మరదలు చెప్పింది. నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. బాత్రూమ్‌లో నీ సబ్బుకి ఇంకా ఆయిల్ మరక పోలేదు, మీ బావ దాన్ని పారెయ్యనివ్వడం లేదు.

నువ్వు విననివి కొన్ని ఉన్నాయి, అవి చెప్పాలని రాస్తున్నాను.

నువ్వు లారీ కింద పడుకుని బేరింగు మారుస్తుంటే, అధ్యక్షులు పక్కన చతికిలబడి నీ కాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నారు. నీకు వినపడదని ఆయనకి చెప్పాను. తెలుసమ్మా, ఊరికే ఉండలేక మాట్లాడుతున్నానన్నారు. బట్టీ గేటు దాటేటప్పుడు కూలీలంతా ఈలలు వేశారు. రోడ్డు మీద వెనక బస్సువాడు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయాడు. నేను నీ భుజం తడదామనుకుని కూడా తట్టలేదు, పెద్దముక్కు మీద నువ్వు అంత దర్జాగా కూర్చుని ఉంటే వాడి గొడవ నీకెందుకనిపించింది. మైదానంలోకి తిప్పగానే ఒక్కసారిగా అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు గేరు మారుస్తూ కిందికి చూస్తున్నావు. ఎడమ మడ్‌గార్డు సొట్ట మీద ఒక పెద్దాయన చెయ్యి పెట్టి, ఇలాంటిదే నడిపాను నేను అని మీ బావకి చాలాసేపు చెప్పాడు. నా టార్పాలిన్ కుట్టు కూడా మెచ్చుకున్నారు, అది నువ్వు చూశావులే.

అన్నిటికన్నా ముఖ్యమైనది. బేరింగు వేసి మొదటిసారి హ్యాండిల్ కొట్టినప్పుడు నువ్వు ఇంజను వైపు చూడలేదు, నా మొహం చూశావు. నేను తల ఊపాను. ఊరికే ఊపలేదురా. ఎంత చక్కగా ఉందో ఆ గొంతు. మన యార్డులో ఉన్నప్పటిలాగే, ఒక్క మచ్చ లేదు. నువ్వు మళ్ళీ షెడ్డు తెరవాలి. ఆ మాట చెప్పడానికే ఇదంతా.

నీ అక్క

ఏప్రిల్ 26

అక్కా,

చప్పట్ల సంగతి రాసినందుకు సంతోషం. ఆ ముక్క మీ మరదలిచేత రెండోసారి కూడా చదివించుకున్నాను, నేను చదవలేక కాదు, ఆమె మొహం చూద్దామని.

మచ్చ లేదని రాశావు. ఉంది. ఇంజను వెనకవైపు, వాల్వుని ఎత్తే ట్యాపెట్ ఒకటి వదులు. వేడెక్కాక సన్నగా టిక్కుటిక్కుమని కొట్టుకుంటూనే ఉంది. బట్టీనించి మైదానం దాకా స్టీరింగు మీద నా చేతికి తెలుస్తూనే ఉంది. చిన్నదే, ప్రమాదం లేదు, ఒక్క పానాతో పోయేది. నేను అక్కడే సరిచెయ్యొచ్చు. చెయ్యలేదు. నీకు వినపడుతుందని నాకు తెలుసు. నువ్వు చెప్తావేమోనని చూశాను. ఆ రోజు చెప్పలేదు, మర్నాడు చెప్పలేదు, ఇప్పుడు ఉత్తరంలో కూడా రాయలేదు.

ఎందుకు చెప్పలేదో తెలుసు. అంతదూరం వచ్చాడు, వాడి మనసు కష్టపెట్టడమెందుకని. మా ఇంట్లో కూడా అంతే అక్కా. మీ మరదలు తల ఊపుతుంది. పిల్లలు తల ఊపుతారు. నేను ఏం చేసినా బాగుంది, ఏం అడిగినా ఏమీ లేదులే. చెవులు పోయినప్పటినించీ నాకు ఎవరూ ఒక్క చెడ్డమాట చెప్పలేదు. బయట ఏం పాడవుతోందో, ఏం విరుగుతోందో నాకు తెలియదు. అందరూ నవ్వుతూ కనపడతారు. చెవులు లేకపోవడం కన్నా నాకు అదే భయంగా ఉంది.

నన్ను తిట్టడానికి నువ్వొక్కదానివి మిగిలావు. నీకు కూడా నా మీద జాలి కలిగితే ఇక నాకెవరున్నారు?

షెడ్డు తెరిచాను. మొన్న సోమవారం తాళం తీశాను. పెయింటరుని పిలిచి, మేస్త్రికి వినపడదు, కాగితం మీద రాసి అడగండి అని బోర్డు రాయించాను. ఒక జీపు వచ్చింది కూడా. చెయ్యి చెప్పగలిగినంత చెయ్యి చెప్తుంది. చెయ్యి చెప్పలేని దానికి చెవి ఒకటి కావాలి. అది నీదే కావాలి.

ఈ ఆదివారం పెద్దముక్కుని స్టార్ట్ చేయించి, బాగా వేడెక్కనిచ్చి, పక్కన నిలబడి విను. ఎంత బాధగా ఉన్నా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ చెవిటి తమ్ముడు